రెండో పిన్ను

నిన్న పొద్దున మా ఇంటి పక్క షెడ్డు రేకులు విప్పారు. ఉస్తాద్ పోయి నెల దాటింది. జాగ ఖాళీగా ఎందుకని దాని యజమాని అక్కడ దుకాణాలు పెట్టుకునే మడిగెలు కట్టిస్తున్నాడు. పాత ఇనుము తీసుకుపోవడానికి వచ్చినతను మా వసారా ముందు ఆగి, ఒక రేకు డబ్బా నా ముందు పెట్టాడు.

"అవ్వా, దీని మీద ఏందో రాసున్నది. మీదేనా?"

మూత మీద సుద్దతో "చెల్లెకు" అని ఉంది. సుద్ద సగం రాలిపోయింది. అయినా చదివాను. లోపల నూనె గుడ్డలో చుట్టిన ఇనుప పిన్ను ఒకటి ఉంది, నా చిటికెన వేలంత. ఇంకేమీ లేదు.

ఈ పిన్ను పడాల్సిన చోట పడకపోవడం వల్ల ఒక మనిషి బావిలో పడి చనిపోయాడు. ఇంకో మనిషి ఆ తర్వాత పదేళ్ళకు పైగా షెడ్డులో కూర్చుని కొడవళ్ళు నూరుతూ చనిపోయాడు. మూడో మనిషిని నేను.

ఉస్తాద్ పేరు నేను రాయను. సిద్దిపేటలో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. మా దగ్గర బండ్ల పనిలో చేయి తిరిగిన మనిషిని ఉస్తాద్ అంటారు. అతను అందరికీ ఉస్తాదే. దుబ్బాక దిక్కు ఒక ఊళ్ళో కమ్మరి ఇంట్లో పుట్టాడు. పెళ్ళాం పిల్లలు లేరు. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను చెల్లె అనేవాడు.

మా వసారాకూ అతని షెడ్డుకూ మధ్య గోడ లేదు. నేను పొద్దంతా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. తల ఎత్తితే ఉస్తాదే కనిపించేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. ఆ పక్క వెంట్రుకలు తెల్లగా ఉంటే చాలా రోజులు నెరిసినవి అనుకున్నాను. ఒకరోజు వానకు తడిసి వచ్చినప్పుడు చూస్తే నల్లగా ఉన్నాయి.

మాట్లాడటం తక్కువ, రాయడం ఎక్కువ. నాలుగో తరగతి దాకా చదివాడట. ఏ బండి పని ఎక్కడిదాకా వచ్చిందో ఆ బండి మీదనే సుద్దతో రాసేవాడు. తలుపు మీద, బానెట్టు మీద, అద్దం మీద. ఎవరైనా వచ్చి "ఉస్తాద్, నా బండి ఎందాక వచ్చింది?" అంటే, తల ఎత్తకుండా "బండినే అడుగు" అనేవాడు. వాళ్ళు పోయి చదువుకునేవాళ్ళు.

"ఎందుకట్ల గోడలన్ని గీకుతవ్ ఉస్తాద్?" అని నేనొకసారి అడిగాను.

"నా తలకాయ జల్లెడ చెల్లె. సుద్ద మరువది."

నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు. అవి నాకు గీతలే. పిల్లలు బొగ్గుతో గీసే గీతలకూ వాటికీ నాకు తేడా తెలియదు.

ఏ బండి ఎక్కినా ముందు స్టీరింగు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటొకసారి ఇటొకసారి కొంచెమే కదిపేవాడు. తర్వాత దాని మీద చెవి ఆనించేవాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టినట్టు ఉండేది. బస్సెక్కినా డ్రైవరు వైపు ఒకసారి చూసి, చక్రం ఎట్లా ఆడుతుందో చూసి గాని కూర్చునేవాడు కాదని అందరూ నవ్వేవాళ్ళు. బాగుచేసిన బండిని మొదటిసారి తనే నడిపేవాడు. ఒక్కడే పోయి ఒక్కడే వచ్చేవాడు. బండి ఆయన ఎంత పెద్దవాడైనా పక్కన కూర్చోనిచ్చేవాడు కాదు.

"మొదటి తిరుగుడు నాది. ఏమన్నయితే నాకు గావాలె."

అతను ఎక్కువగా అనే మాట ఇంకొకటి ఉండేది. తొందర పెట్టినవాళ్ళందరికీ అదే చెప్పేవాడు. "ఇనుముకు మొహమాటం ఉండది. నువ్వు మంచోనివని, పండుగకు పోతున్నవని అది ఆగది. ఇరిగేటప్పుడు ఇరుగుతది."

ఆకు కత్తిరించే నా కత్తెరను వారానికొకసారి నేను అడగకుండానే తీసుకుపోయి నూరి తెచ్చి చాటలో పెట్టేవాడు. నేను రోజూ పొద్దున మా వాకిలితో పాటు అతని షెడ్డు ముందు కూడా ఊడ్చి పేడనీళ్ళ సాంపి చల్లేదాన్ని. ఈ రెండింటి గురించి మేం ఎప్పుడూ ఒక మాట అనుకున్నది లేదు.

ఆ పిన్ను పడాల్సిన కారు వచ్చింది ఒక ఎండాకాలంలో. బట్టల దుకాణం సావుకారి తెచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. మాతో కూడా పరాచికాలాడేవాడు. "ఏందమ్మా, మీ బీడీల పొగకు నా కారు దగ్గుతున్నది" అనేవాడు. ఆ కారు ఫ్యాక్టరీలో తయారైంది కాదట. ముక్కలుగా పెట్టెల్లో అమ్ముతారట, కొన్నవాళ్ళు ఇంట్లోనే బిగించుకోవాలట. హైదరాబాదులో ఎవరో పరాయి దేశం నుంచి తెప్పించి బిగించుకున్నారు. వాళ్ళు పోయాక ఏళ్ళ తరబడి గోదాములో పడి ఉంది. ఇద్దరు కూర్చునే కారు, పైన కప్పు లేదు. ఎలుకలు సీట్లు తినేశాయి. రేకు అనుకుని ముట్టుకుంటే రేకు కాదు, ప్లాస్టిక్కులాంటిది.

ఉస్తాద్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

"కమ్మరోనికి కారు పుట్టియ్యమని ఇచ్చిన్రు చెల్లె" అన్నాడు.

ఆరు నెలలు పట్టింది. ఇంజను మాట ఏమో గాని స్టీరింగు దగ్గర అతను పడిన పాట్లు నేను కళ్ళారా చూశాను. చక్రం నుంచి కిందికి పోయే కడ్డీ ఉంటుంది కదా, అది వంకరపోయి తుప్పు తినేసింది. అలాంటిది ఎక్కడా దొరకదు. హైదరాబాదు పోయి పాత సామాన్ల బజారులో ఇంకేదో వ్యాను కడ్డీ తెచ్చాడు. అది జానెడు పొడుగు. పైగా దాని కింది కొసకున్న పండ్లు ఈ కారు కింద ఉండే డబ్బాలో కూర్చోవు. అందుకని కొత్త కడ్డీ కింది భాగం కోసేశాడు. పాత కడ్డీలో పండ్లున్న కొస మాత్రం కోసి ఉంచాడు. ఇప్పుడు ఆ రెండింటినీ కలపాలి.

ఎంత పొడుగు ఉంచాలో కొలవడానికి అతను చేసిన పని మా గల్లీలో చాలా రోజులు చెప్పుకున్నారు. సీటు స్థానంలో ఒక చెక్క డబ్బా వేసుకుని కూర్చుని, నా వైపు చెయ్యి చాపాడు.

"చెల్లె, చాట ఒకసారియ్యి."

"చాటెందుకు ఉస్తాద్? ఆకు నింపుకున్న."

"ఇయ్యి, ఇప్పుడే ఇస్త."

ఆకు కింద పోసి ఇచ్చాను. ఆ చాటను స్టీరింగు చక్రంలా రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకుని, ముందుకు జరిపి, వెనక్కి జరిపి, కళ్ళు మూసుకుని తిప్పుతున్నాడు. నాతో బీడీలు చుట్టే ఆడవాళ్ళు పడి పడి నవ్వారు.

"ఉస్తాద్ చాట నడుపుతుండు! హారను గొట్టు ఉస్తాద్, పక్కకు జరుగుతం!"

అతనూ నవ్వాడు. చాట ఆగిన చోటు నుంచి కిందిదాకా బీడీ కట్టల దారంతో కొలిచి ముడి వేసుకున్నాడు.

కలపడం గురించి సావుకారికీ అతనికీ వాదం అయింది.

"వెల్డింగ్ గొట్టరాదు ఉస్తాద్, అర్ధగంట పని" అన్నాడు సావుకారి.

"వెల్డింగ్ గొడితే ఇనుము పిరికిదైతది."

"ఇనుముకు పిరికితనమేంది?"

ఉస్తాద్ రెండు చువ్వ ముక్కలు వెల్డింగు చేసి, చల్లారనిచ్చి, దాగలి మీద పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. అతుకు పక్కన టక్కున విరిగింది. విరిగిన చోటు సావుకారి ముఖం ముందు పెట్టాడు. "అతుకు మంచిగనే ఉన్నది. అతుకు పక్కన భయపడ్డది. నీ పానమంత నమ్ముకుని తిప్పే కడ్డీ ఇది."

కాబట్టి రెండు ముక్కల మీద ఒక ఇనుప గొట్టం బిగుతుగా తొడిగాడు. గొట్టానికీ పై ముక్కకూ కలిపి అడ్డంగా ఒక రంధ్రం. గొట్టానికీ కింది ముక్కకూ కలిపి ఇంకొకటి. రెండు రంధ్రాల్లో రెండు గట్టి పిన్నులు. రెండూ ఉంటేనే చక్రం తిప్పితే టైర్లు తిరుగుతాయి. ఏ ఒక్కటి లేకపోయినా చక్రం ఊరికే చేతుల్లో తిరుగుతుంది. ఇది నాకు అతను చెప్పిందే. రెండు బీడీల కొసలు ఒక కాగితం గొట్టంలో పెట్టి, నా సూది గుచ్చి చూపించాడు.

పై పిన్ను కుదిరింది. పాత బండి కమాను పట్టీ నుంచి ఇనుము తీసి, కాల్చి, నూనెలో ముంచి చేశాడు. కింది పిన్ను కుదరలేదు. మొదట చేసింది వంగింది. తర్వాత చేసింది పగిలింది. ఇంకోదాన్ని గోటితో కొట్టి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "అబ్బే" అని పారేశాడు. షెడ్డులో ఉన్న చిన్న పొయ్యి వేడి సరిపోవడం లేదన్నాడు.

అప్పటికి సద్దుల బతుకమ్మ దగ్గరికి వచ్చింది. సావుకారి రోజూ వస్తున్నాడు. దసరానాడు ఆ కారులో పెళ్ళాం పిల్లలను కూర్చోబెట్టుకుని జమ్మికి పోవాలని అతని ఆశ.

"పండుగ తెల్లారి ఇస్త సేటు" అన్నాడు ఉస్తాద్.

"తెల్లారినంక ఏం జేసుకోను? జమ్మి అయిపోయినంక కారులో కూసోని బోనాలకు పోవాల్నా?"

"పండుగ తెల్లారి మా నాయిన కొలిమి రాజేస్తం. మొదటి పని నీ పిన్నే. అది వెయ్యంది ఇయ్య."

సావుకారి నవ్వుతూనే పోయాడు. పిన్ను సంగతి అతనికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. సీటు బట్టలో పెట్టే పిన్ను అనుకున్నాడేమో కూడా.

దసరా ముందురోజు సాయంత్రం ఉస్తాద్ పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, పీట మీద వరుసగా పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, కొత్త తువ్వాలు కప్పాడు. వాళ్ళ కులంలో అది గట్టి పట్టింపు. ఒకసారి పూజలో పెట్టిన పనిముట్టును పండుగ తెల్లారేదాకా ఎత్తకూడదు. సుత్తి కాదు, పానా కాదు, చిన్న స్క్రూడ్రైవరు కూడా ఎత్తరు. కొలిమికి ఆ రోజు విశ్రాంతి అంటారు. కడ్డీ కదిలిపోకుండా ఉండటానికి రెండో రంధ్రంలో అతను అంతకుముందే మామూలు మొల ఒకటి దూర్చి పెట్టాడు, తలుపులకు కొట్టేలాంటిది. రెండు రంధ్రాలూ నిండాయి కనుక పిన్ను కుదిరిందనే నేను అనుకున్నాను. తువ్వాలు కప్పాక కొంచెంసేపు కారు ముందు నిలబడ్డాడు. తర్వాత చెవి మీది సుద్ద తీసి ముందు అద్దం మీద ఏదో రాసి, సంచి భుజాన వేసుకుని దుబ్బాక బస్సుకు పోయాడు. నాతో ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పడు. బండి మీద రాస్తాడు, అంతే.

దసరా పొద్దున నేను తలంటు పోసుకుని మా వాకిలి, అతని షెడ్డు ముందు ఊడ్చి ముగ్గు వేశాను. చూస్తే కారు దుమ్ముపట్టి ఉంది. పండుగపూట ఊళ్ళో ప్రతి బండికీ, సైకిలుకూ, నాగలికీ బొట్టు ఉంటుంది. ఆరు నెలలు అతను కన్నబిడ్డలా చూసుకున్న బండి బొట్టు లేకుండా ఉంటే నాకు మనసొప్పలేదు. తడిగుడ్డ తెచ్చి అంతా తుడిచాను. తలుపులు తుడిచాను, బానెట్టు తుడిచాను. ముందు అద్దం మీద సుద్ద గీతలు ఉంటే అవీ తుడిచాను. రెండుసార్లు తుడవాల్సి వచ్చింది, సుద్ద గట్టిగా ఒత్తి రాసింది. తర్వాత అద్దానికి పసుపు రాసి బొట్లు పెట్టాను, బతుకమ్మకు పోను మిగిలిన బంతిపూలు కుచ్చి దండ వేశాను, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. అంత అందంగా ఉంది, మా ఆడవాళ్ళను పిలిచి చూపించాను.

పదకొండు గంటలకు సావుకారి వచ్చాడు. కొత్త తెల్లబట్టలు. దండ చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా, అయిపోయిందా? ఉస్తాదేడి?"

"ఊరికి పోయిండు సేటు. తయారుగనే ఉన్నట్టున్నది. పూజ గూడ చేసిన."

"పూజైందా!" అతని ముఖం వెలిగిపోయింది. "పూజైన బండి నిలబడొద్దు గదమ్మా. నిమ్మకాయలు తొక్కాలె."

అది నిజమే. అందరం చేసేదే. ఒక తాళంచెవి అతని దగ్గర ఎప్పుడూ ఉండేది. ఎక్కి కూర్చున్నాడు. చక్రాన్ని కదిపి చూడలేదు, చెవి ఆనించలేదు. నిమ్మకాయలు చితికాయి. మేమందరం చప్పట్లు కొట్టాం. చిన్నకోడూరులో అత్తగారి ఇంటికి పోయి చూపించి, మూడు గంటలకల్లా వచ్చి పెళ్ళాం పిల్లలను ఎక్కించుకుంటానన్నాడు.

పోయేటప్పుడు మొల నిలిచింది. వచ్చేటప్పుడు ఒక మలుపులో తెగింది. రోడ్డు పక్కన వ్యవసాయ బావి, గట్టు లేదు. వెనకాల సైకిలు మీద వస్తున్న మనిషి చెప్పాడట, సావుకారి చక్రం తిప్పుతూనే ఉన్నాడు, తిప్పుతూ తిప్పుతూనే కారు తిన్నగా పోయిందని. అతని పెళ్ళాం పట్టుచీర కట్టుకుని, పిల్లలకు కొత్తబట్టలు వేసి, గేటు దగ్గర నిలబడి ఉంది.

ఆ సాయంత్రం మా గల్లీలో ఎవరూ జమ్మి ఆకు పంచుకోలేదు.

మరునాడు మధ్యాహ్నం ఉస్తాద్ వచ్చాడు. బస్టాండులోనే విన్నాడు. షెడ్డు ముందు ముగ్గు మీద, చితికిన నిమ్మకాయల మధ్య నిలబడ్డాడు. జేబులో ఏదో పట్టుకుని ఉన్నాడు, చెయ్యి బయటికి తీయలేదు. నేను ఏడుస్తూ పోయాను.

"పొద్దుగాల నా చేతులతోని కడిగి బొట్టు పెట్టిన ఉస్తాద్ ఆ కారుకు. నా చేతులతోని!"

అతను నా వైపు తిరిగాడు. "ఏం కడిగినవ్ చెల్లె?"

"అంత కడిగిన. తలుపులు, అద్దాలు, అన్ని."

"అద్దం గూడనా?"

"సుద్ద అంటుకోనుంటే తుడిచిన."

అతను నా చేతుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు ఆ చూపు అప్పుడు అర్థం కాలేదు.

"పోయి అన్నం తిను చెల్లె" అన్నాడు. సంచి అక్కడే దింపి, పోలీసు ఠాణాకు తనంతట తానే నడిచిపోయాడు.

బండి తయారైందని, తీసుకుపొమ్మని సావుకారికి తనే చెప్పానని, పిన్ను సంగతి మరిచిపోయానని అతను అక్కడ చెప్పాడు. కోర్టులోనూ అదే చెప్పాడు. ఆరు నెలలు జైలు పడింది. ఎన్నడూ తాగని మనిషిని పండుగకు తాగి మరిచాడని ఊరంతా అంది. నన్నెవరూ ఏమీ అడగలేదు. సావుకారి నన్ను "అయిపోయిందా?" అని అడిగిన సంగతి నాకు గుర్తుంది. ఉస్తాద్ ముందే చెప్పి ఉంటే నన్నెందుకు అడుగుతాడు? ఈ రెండు మాటలను నేను పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

అంతేకాదు. అతను జైలు నుంచి వచ్చాక ఒకరోజు నేనే అతని ముఖం మీద అన్నాను.

"పోయేటప్పుడు నాకు ఒక్క మాట చెప్పి పోతే ఆ మనిషి బతుకుతుండె గద ఉస్తాద్."

"అవును చెల్లె" అన్నాడు.

తర్వాత ఎవరూ బండి తేలేదు. కొడవళ్ళు, పారలు, సైకిలు చైన్లు, కిరసనాయిలు స్టవ్వులు. అవీ ఎప్పుడో ఒకటి. చెవి మీద సుద్దముక్క మళ్ళీ కనిపించలేదు. చేసిన పనిని పదిసార్లు విప్పి పదిసార్లు బిగించేవాడు. ఒక స్టవ్వు తెచ్చినామె విసుక్కుని "అయిపోయింది గద, ఇంకెన్నిసార్లు?" అంటే, దాన్ని ఆమె చేతిలో పెట్టలేక మళ్ళీ కింద పెట్టేశాడు. నా కత్తెర మాత్రం వారం తప్పలేదు.

ఏడెనిమిదేళ్ళకు మా గల్లీలో పెద్దవాళ్ళకు బడి పెట్టారు. బీడీలు అప్పజెప్పి వచ్చాక అందరం పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. నలభై దాటిన నా వేళ్ళు బీడీ చుట్టినంత వేగంగా అక్షరం చుట్టలేకపోయేవి. అయినా ఆరు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. చిన్నపిల్లలాగా కనిపించిందల్లా చదివేదాన్ని. బస్సు బోర్డులు, గోడల మీద రాతలు, ఉప్పు పొట్లాలు.

ఒక పొద్దున షెడ్డు ముందు ఊడుస్తున్నాను. ఉస్తాద్ బయటికి పోయాడు. లోపల గోడకు ఆనించి ఒక పాత లారీ తలుపు ఏళ్ళుగా ఉంది, లారీ ఆయన మళ్ళీ రాలేదు. దాని మీద దుమ్ము కింద సుద్ద రాత. ఉస్తాద్ రాసిన పాత రాతల్లో చెరగకుండా మిగిలింది అదొక్కటే. చీపురు పట్టుకునే కూడబలికాను. "బం... డి. తి... య్యొ... ద్దు." బండి తియ్యొద్దు.

చదివినందుకు మొదట సంతోషమైంది. నవ్వాను కూడా. తర్వాత ఆ రాతను అట్లాగే చూస్తుంటే, ఇది నేను ఇంతకుముందు చూశాననిపించింది. అక్షరాలుగా చూడలేదు. బొమ్మగా చూశాను. ముందు రెండు, పక్కన మూడు, ఆ మూడింటి కింద రెండు చిన్నవి వేలాడుతూ. అద్దం మీద. తడిగుడ్డ కింద. రెండుసార్లు తుడవాల్సి వచ్చిన బొమ్మ.

చీపురు అక్కడే పడేసి ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాను. ఆ రోజు ఒక్క బీడీ చుట్టలేదు.

మరునాడు అతను నా కత్తెర నూరుతుంటే పోయి ముందు కూర్చున్నాను.

"ఉస్తాద్, ఆ దినం అద్దం మీద ఏం రాసినవ్?"

"ఏ దినం?"

"నీకు తెల్వదా ఏ దినమో?"

రాయి మీద కత్తెర ఆగలేదు. "నేనేం రాయలే చెల్లె."

"నేను తుడిచిన. నాకు యాదికున్నది."

"నువ్వు దుమ్ము తుడిచినవ్."

"ఉస్తాద్, నాకు ఇప్పుడు సదువొచ్చు."

అప్పుడు చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. "మంచిగైంది" అన్నాడు. "ఇంక బస్సు ఎవలనడగకుంట ఎక్కొచ్చు."

"ఎందుకు అబద్ధమాడినవ్? ఊరంత నిన్ను తాగుబోతన్నది. నేనే అంటి నిన్ను, ఒక్క మాట చెప్పి పోకపోతివని. ఎందుకు ఊకున్నవ్?"

కత్తెర తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇనుముకు మొహమాటం ఉండది చెల్లె" అన్నాడు. "మనిషికి ఉంటది."

ఆ తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా "రాయలే" అన్న ఒక్క మాటే. సావుకారి పెళ్ళాం దగ్గరికి పోయి చెప్పేస్తానన్నాను ఒకసారి. "ఆమెకు కోపం చెయ్యనీకి ఒక మనిషున్నడు. ఇంకొకలను ఎందుకిస్తవ్?" అన్నాడు. అయినా పోయాను. ఆమె దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుని ఏదో పేపరు చదువుతోంది. నన్ను చూసి "ఏం కావాలమ్మా?" అంది. జాకెట్టు గుడ్డ అన్నాను. ఆమె చింపి ఇచ్చింది. తీసుకుని వచ్చేశాను. ఆ గుడ్డ ఇప్పటికీ కుట్టించలేదు.

ఉస్తాద్‌కు ఊపిరితిత్తులు చెడిపోయాయి. చివరి వారం దవాఖానలో నేనే ఉన్నాను. జ్వరంలో ఒక మధ్యాహ్నం నన్ను గుర్తుపట్టీ పట్టనట్టు, గోడతో మాట్లాడినట్టు అన్నాడు.

"చక్రం పీకి పోవాల్సి ఉండె. మొల పెట్టినంక చక్రం పీకి ఇంట్లేసి పోతే అయిపోతుండె. కని పనిముట్లు పూజల పెడితి. మళ్ల ఎత్తబుద్ధి గాలె. సుద్దను నమ్మిన."

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. "సుద్దనా ఉస్తాద్?"

కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. తనేం అన్నాడో అతనికి అప్పుడు తెలిసింది. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. రెండు రోజులకు పోయాడు. వాళ్ళ ఊరి నుంచి నలుగురు వచ్చి తీసుకుపోయారు. సిద్దిపేట నుంచి బస్సెక్కి పోయింది నేనొక్కదాన్నే.

నిన్న డబ్బాలో పిన్ను చూశాక తెలిసింది, ఆ రోజు ముగ్గు మీద నిలబడి అతను జేబులో పట్టుకున్నది ఏమిటో. పండుగ తెల్లారి వాళ్ళ నాయన కొలిమిలో చేసిన మొదటి పని. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. సన్నగా, తిన్నగా మోగింది. ఇది కుదిరింది. ఇది విరిగేది కాదు.

డబ్బా మీద సుద్దతో ఎందుకు రాశాడో నేను ఆలోచిస్తున్నాను. అన్నేళ్ళు ముట్టని సుద్దను చివరికి ఎందుకు ముట్టాడో. నేను చదవగలనని తెలిసే రాశాడు. ఏ మాటైనా రాయగలిగేవాడు. నిజం ఒప్పుకుంటూ రెండు అక్షరాలు ఎక్కువ రాసి ఉంటే నేను ఇంత రాయాల్సి వచ్చేది కాదు. కానీ రాయలేదు. చివరిదాకా నన్ను కాపాడుతూనే పోయాడు. ఆ కాపుదల కింద నేను ఎట్లా బతకాలో మాత్రం చెప్పలేదు.

సావుకారి పెళ్ళానికి చదువు వచ్చు. ఈ కాగితాలు ఆమె చేతికి ఇస్తాను. ఎవరైనా అచ్చు వేస్తే ఊరు కూడా చదువుకోవచ్చు. ఉస్తాద్ తాగలేదు. మరవలేదు. తీసుకుపొమ్మని ఎవరికీ చెప్పలేదు. అద్దం మీద పెద్ద అక్షరాలతో, సుద్ద గట్టిగా ఒత్తి, "బండి తియ్యొద్దు" అని రాసి పోయాడు.

తుడిచింది నేను.